నీలం పోగుతో కుట్టిన తెరచాప

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, తిరుపతిలో ఒక కల్యాణ మండపం మేడమీది గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను పళ్లు కొరుక్కున్నాను. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. కోపాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియని వయసు కాదు. అయినా ఆ రోజు అది దాగలేదు, ఇప్పటికీ దాగడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ గదిలో కొంతమంది కుర్రాళ్లూ అమ్మాయిలూ కలిసి నెలకొకసారి తెర కట్టి విదేశీ సినిమాలు వేస్తుంటారు. నా దగ్గర చదువుకున్న హరిణి వాళ్లలో ఒకతె. "మేడం, ఈసారి అంతరిక్షం సినిమా. మీకిష్టమైన రకమే, నత్తనడక," అని నవ్వుతూ పిలిచింది. నిజమే, నాకా రకం ఇష్టం. ఒక మనిషి కిటికీలోంచి బయటి చీకటిని చూస్తూ నిలబడితే కెమెరా కూడా అతనితోపాటు నిలబడిపోయే సినిమాలు, ఒక తలుపు తెరుచుకోవడానికి పావుగంట పట్టే సినిమాలు, చూసి బయటికొచ్చాక ఆటో అతను "యాడికి పోవాలమ్మా?" అంటే వెంటనే జవాబు తోచని సినిమాలు. అలాంటివాటిలో కొన్ని చూస్తూ నిద్రపోయాను కూడా. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

సినిమాకు ముందు ప్రణీత్ అనే అబ్బాయి లేచి నాలుగు మాటలు చెప్పాడు. వారమంతా శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో ఇంజనీరు పని, ఆదివారమైతే ఈ తెరా ప్రొజెక్టరూ. చెడ్డ పిల్లవాడేమీ కాదు. "ఈ సినిమా ఒకప్పుడు మన పక్కనే ఆడింది, తెలుసా? నగరిలో! మార్నింగ్ షో. మూడు రోజులు కూడా నిలవలేదంట. జనం ఏమీ అర్థంగాక ఈలలేసి, సీట్లు చించి లేచిపోయినారంట," అన్నాడు. "మనోళ్లకి ఇట్లాంటివి ఎక్కవప్పా. దీనికి కొంచెం తయారై రావాల." గదంతా నవ్వింది. హరిణి కూడా నవ్వింది. నేను నగరి పిల్లను. ఆ రెండు మూడు రోజుల్లో ఒకరోజు ఆ టాకీసులో కూర్చున్నాను. నా పక్క కుర్చీలో మా అమ్మ కూర్చుంది. అక్కడ ఏం జరిగిందో ఈ పిల్లవాడికి తెలియదు, సరే. నాకూ పూర్తిగా తెలియదని ఇంకో గంటలో తేలబోతోందని అప్పుడు నాకు తెలియదు.

మా ఇల్లు నగరిలో నేతగాళ్ల వీధిలో ఉండేది. అప్పటికే వీధిలో సగం ఇళ్లకు పవర్‌లూమ్‌లు వచ్చేశాయి. పొద్దున కళ్లు తెరిచినప్పటినుంచీ టకటక, టకటక. ఆ చప్పుడు మీద నుంచి మాట్లాడాలి కాబట్టి మా వీధిలో ఎవరూ మెల్లగా మాట్లాడేవాళ్లు కారు. మా ఇంట్లో మాత్రం ఇంకా నేలలో గుంట తవ్వి దించిన రెండు చేతిమగ్గాలే ఉండేవి. ఒకదాని మీద నాయన, ఒకదాని మీద తాత. తాతకు ఒక అలవాటు ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ల భుజం మీది తువ్వాలు అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఆ తర్వాతే "కూసోప్పా" అనేవాడు. బట్ట బాగుంటే మంచినీళ్లు తెమ్మనేవాడు. బాగాలేకపోయినా తెమ్మనేవాడు గానీ ఆ మనిషితో ఎక్కువ మాట్లాడేవాడు కాడు. ఇల్లంతా పులిసిన గంజి వాసన, తడిసిన నూలు వాసన, దండెం మీద ఆరేసిన రంగు పోగుల ఘాటు. హాస్టల్లో చేరిన కొత్తలో నా బట్టలనుంచి ఆ గంజి వాసన పోవాలని రెండేసి సార్లు సబ్బు రుద్ది ఉతికేదాన్ని. ఇప్పుడు ఎక్కడన్నా ఆ వాసన తగిలితే రెండు నిమిషాలు అక్కడే నిలబడతాను.

అమ్మకు మగ్గం లేదు. మగ్గానికి ముందూ వెనకా ఉండే పనంతా అమ్మది. గంజి కాచేది, అడ్డపోగుకు కండెలు చుట్టేది, అన్నిటికంటే పెద్ద పని, పడుగు అతికేది. మగ్గం మీద నిలువుగా పరిచిన పోగులన్నీ కలిపి పడుగు. అది అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా కలపాలి. వేల పోగులు. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలనూ చేర్చి ఒక్క మెలిక. ముడి కనపడకూడదు, ముడి ఉంటే నేసేటప్పుడు అక్కడే తెగుతుంది. మా అమ్మ పొద్దున చద్దన్నం తిని కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు లేచేది. మధ్యలో ఒక పోగు దాని జత పోగుతో కాకుండా పక్కదానితో కలిసిందంటే అక్కడినుంచి వరసంతా తప్పిపోతుంది. అట్లాంటి తప్పును అమ్మ దూరంనుంచే పట్టేసేది. తాత నాలుగు గజాలు నేసేసిన గుడ్డను తీసుకుని "ఈడ" అని వేలు పెట్టి చూపించేది. తాత కళ్లజోడు సవరించుకుని చూసి, విప్పడం మొదలుపెట్టేవాడు. ఆ ఇంట్లో ఎవరూ అమ్మ మాటకు ఎదురు చెప్పలేని విషయం అదొక్కటే.

నెలకు ఒక్క రోజు, అమావాస్యనాడు, మగ్గం ముట్టేవాళ్లు కాదు. పవర్‌లూమ్‌ల వాళ్లు కూడా ఆ రోజు ఆపేసేవాళ్లు. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే పక్కింట్లో తాలింపు వేస్తే ఆవాలు చిటపటలాడడం మాకు వినిపించేది. మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, తలస్నానం చేసి, అమ్మ ఏం చేయాలో తోచక గుమ్మంలో కూర్చునేది. అట్లాంటి ఒక అమావాస్య పొద్దున నేనే ఆమెను సినిమాకు లేవదీశాను. నేను తిరుపతిలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి, తలకెక్కాయి కూడా. మా ఊరి టాకీసులో పొద్దున ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్లు. ఈ సినిమా పోస్టరు మీద ఒక రాకెట్టు, మంటలు, సగం బట్టలతో ఒక ఆడమనిషి. ఆ మూడింట్లో ఏ ఒక్కటీ ఆ సినిమాలో లేదు. పోస్టరు అంటించినవాడికి ఆ సినిమా మీదా గౌరవం లేదు, మా మీదా లేదు. "అది ఆడోళ్లు సూసే బొమ్మ కాదప్పా," అన్నాడు నాయన. "సైన్సు, నాయనా," అన్నాను నేను. అమ్మ కొంగు సర్దుకుంటూ లేచింది. "ఏదైతే ఏం, కాసేపు కూసోని వద్దాం. అమావాస్య గదా."

ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. నగరి టాకీసుకూ పుత్తూరు టాకీసుకూ కలిపి ఒకే ప్రింటు వచ్చేది. పుత్తూరులో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ అయిపోయిన రీళ్లను డబ్బాల్లో పెట్టి మోటార్ సైకిల్ మీద ఇక్కడికి తెచ్చేవాళ్లు. బండి ఆలస్యమైతే హాల్లో లైట్లు వేసేవాళ్లు, జనం ఈలలు వేసేవాళ్లు, బండి చప్పుడు వినపడగానే చప్పట్లు కొట్టేవాళ్లు. మాకది మామూలే.

సినిమాలో జరిగేది చాలా తక్కువ. సూర్యుడి వెలుగు తగిలి నడిచే ఒక ఓడ, ఆకాశంలో ఎక్కడికో పోతుంటుంది. దానికి ఊరంత పెద్ద తెరచాప. ఏదో తగిలి ఆ తెరచాప చినుగుతుంది. దాన్ని కుట్టడం ఒక ముసలామె పని. ఓడలో ఇంకా ఇద్దరో ముగ్గురో ఉంటారు గానీ వాళ్లు మాట్లాడేది తక్కువ. ముసలామె కుడుతుంది. కెమెరా ఆమె చేతుల మీదే ఉంటుంది. ఒక నిమిషం కాదు, రెండు నిమిషాలు కాదు. పోస్టరు చూసి వచ్చిన మగవాళ్లు మొదట ఈలలు వేశారు, తర్వాత బీడీలు వెలిగించారు. "ఏయ్, కట్ చెయ్ రా!" అని ఒకడు. "టైలర్ షాపుకొచ్చినామా అప్పా?" అని ఇంకొకడు. నాకూ విసుగు పుట్టింది. కానీ ఆ మాట ఒప్పుకుంటే చదువుకున్నదాన్ని కాకుండా పోతానేమోనని, అంతా అర్థమైనట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ మాత్రం ముందు కుర్చీ వీపు మీద మోచేతులు ఆనించి ముందుకు వంగింది. "సూది పట్టడం తెలుసు ఆయమ్మకి," అంది నా చెవిలో. "లోపలపక్క నించి పోతా ఉండాది సూడు, పైకి కనపడకుండా." ఆ తర్వాత ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నట్టు అనిపించింది. పడుగు అతికేటప్పుడు ఆమె అట్లాగే కూర్చునేది.

కాసేపటికి లైట్లు వెలిగాయి. బండి రాలేదని అర్థమైంది. ఈలలు. మోటార్ సైకిల్ చప్పుడు, చప్పట్లు, మళ్లీ బొమ్మ. ముసలామె నీలం పోగుతో కుడుతోంది, చినుగు మూసుకుపోయింది, ఆమె సూది పక్కన పెట్టి చెయ్యి తెరచాప మీద ఉంచి చాలాసేపు నిలబడింది. ఇంకోసారి లైట్లు, ఇంకోసారి బండి చప్పుడు. ఈసారి బొమ్మ వచ్చేసరికి తెరచాప సగం చినిగి ఉంది. ముసలామె దగ్గర పోగు అయిపోయింది. ఆమె పెట్టె తెరిచి, చనిపోయిన భర్త నీలం చొక్కా తీసి, ఒడిలో పెట్టుకుని చూసి చూసి, చివరికి కొస పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. హాలంతా ఆవులిస్తోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పాపా, ఇది తప్పు," అంది. "సొక్కా విప్పి పోగు తీసినాక గదా నీలం పోగుతో కుట్టాల? ముందే కుట్టేసి సూపించినారు. కుట్టినాక సొక్కా మళ్లీ యాణ్నించి వచ్చింది? ముందుది ఎనక, ఎనకది ముందు యేసేసినారు."

ఇంటర్వెల్లో ఆమె నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లింది. అతను గేటు దగ్గర సోడా తాగుతూ పదిమందితో మాట్లాడుతున్నాడు. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చాలా మర్యాదగా, "అప్పా, మీ డబ్బాలు తారుమారైనట్టుండాయి. ఆ సొక్కా విప్పేది ముందు రావాల. మళ్లీ వరసగా ఎయ్యండప్పా, బాగుండాది బొమ్మ," అంది. అతను సోడా దించి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఏం మే, నువ్వు నాకు సెప్పేదానివైనావా? ఇంగ్లీషు బొమ్మ అది. దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు. పోయి పడుగు అతుక్కోపో," అన్నాడు. పదిమందీ విరగబడి నవ్వారు. మేడమీది క్యాబిన్ కిటికీలోంచి ఆపరేటరు తల బయటపెట్టి ఉన్నాడు. అమ్మ మాట విని చటుక్కున లోపలికి లాక్కున్నాడు. అది నేను చూశాను. చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాను. ఎందుకంటే ఫ్లాష్‌బ్యాక్ అన్న మాట నాకు చాలా గొప్పగా వినిపించింది, పదిమంది నవ్వు నా చెవుల్లో మంట పెట్టింది. అమ్మ ఇంకా ఏదో చెప్పబోతుంటే జబ్బ పట్టుకుని లాగాను. లాగుతూ, ఆ మేనేజరు వైపు తిరిగి, నా నాలుగు ముక్కల ఇంగ్లీషులో, "సారీ సార్, షీ డజ్ నాట్ నో ఎనీథింగ్," అన్నాను. అతను నన్ను చూసి మర్యాదగా తల ఊపాడు. ఆ తల ఊపు నాకు ఆ రోజు బహుమానంలాగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

సగం సినిమా వదిలేసి ఎండలో ఇంటికి నడిచాం. నేను ముందు, అమ్మ నాలుగడుగులు వెనక. నేను సణుగుతూనే ఉన్నాను, నీతో ఎక్కడికొచ్చినా తలవంపులే అని. మా వీధి మలుపులో అమ్మ, నాతో కాదు, తనలో తనే అన్నట్టు, "ఆ గుడ్డ కడాకు నిలిచిందో లేదో," అంది. సాయంత్రం వంటింట్లో కూడా ఇంకోసారి అంది. మరుసటి రోజు పొద్దున బూడిద గిన్నె పక్కన పెట్టుకుని మళ్లీ పడుగు ముందు కూర్చుంది. మూడో రోజుకు టాకీసులో సినిమా మార్చేశారు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. నేను దాన్ని కథ చేశాను. మా అమ్మ ఇంగ్లీషు సినిమాకే పడుగు సరిచెయ్యబోయిందని పెళ్లిళ్లలో, పేరంటాల్లో, స్కూల్లో స్టాఫ్ రూములో, చెప్పిన ప్రతిసారీ కొంచెం మసాలా వేసి చెప్పాను. మేనేజరు గొంతు అనుకరించేదాన్ని. అమ్మ పక్కనే ఉండి, తమలపాకుకు సున్నం రాస్తూ, ఊరికే చిరునవ్వు నవ్వేది. నాయన పోయాడు, మగ్గాలు పోయాయి, గుంటలు పూడ్చి గచ్చు చేశాం, అమ్మ నాతో తిరుపతి వచ్చేసింది. ఆ కథ మాత్రం పోలేదు. మా చెల్లెలి కొడుకు దాన్ని వాళ్ల ఆఫీసులో కూడా చెప్పాడట.

ఇప్పుడు మళ్లీ ఆ మేడమీది గదికి వస్తాను. లైట్లు ఆర్పారు. ఓడ, తెరచాప, ముసలామె. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ చేతులు నాకు గుర్తున్నాయి. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి కుర్చీలో నిటారుగా అయ్యాను. పోగు అయిపోయింది. పెట్టె తెరిచింది. నీలం చొక్కా తీసింది. కొస పట్టుకుని విప్పింది. ఆ తర్వాతే, ఆ నీలం పోగుతోనే, చినుగు మూసింది. ఫ్లాష్‌బ్యాకూ లేదు, ఏమీ లేదు. ఒకదాని తర్వాత ఒకటి, పోగు తర్వాత పోగు. ఆ రోజు వెనక రీలు ముందు వచ్చి, ముందుది పుత్తూరులోనే ఉండిపోయి ఉంటుంది. ఎవరికి అర్థమవుతుందిలే అని చేతిలో ఉన్నది ఎక్కించేశారు. నా పక్క కుర్చీలోని అమ్మాయి "మేడం, నీళ్లు కావాలా?" అని అడిగింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. చివరికి ఆ తెరచాప ఏమైందో నేను ఇక్కడ రాయను. దాన్ని ముందు తెలుసుకోవలసిన మనిషి ఒకరున్నారు.

సినిమా అయ్యాక చర్చ పెట్టారు. ఆ చర్చ వినకుండా వచ్చేసినా బాగుండేది. ఒకబ్బాయి "ఫుల్ ల్యాగ్," అన్నాడు. ఇంకొకతను ఆ కుట్టు సీను పది నిమిషాలు ఎందుకు, రెండు నిమిషాలకు కత్తిరించొచ్చు అన్నాడు. ఒకమ్మాయి తానైతే ఇట్లాంటివి ఫోనులో ఒకటిన్నర స్పీడులో పెట్టుకుని చూస్తానంది. ముసలామె ఒకటిన్నర స్పీడులో కుడితే అది కుట్టు కాదు, మిషను. నిదానంగా ఉన్నదల్లా గొప్పదని నేననను. లోపల ఏమీ లేక, ఉందని మభ్యపెట్టడానికి నిదానంగా నడిచే సినిమాలు చాలా చూశాను, వాటిని తీసినవాళ్ల మీద కూడా నాకు కోపమే. కానీ ఒక పనికి ఎంత సేపు పడుతుందో అంత సేపూ చూపించే సినిమాను పట్టుకుని ల్యాగ్ అంటే ఎట్లా? తిరుమలలో క్యూ కంపార్టుమెంట్లలో పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పూటలకు పూటలు కూర్చునే జనం మనం. ఒక్క క్షణం చూడడానికి అన్ని గంటలు ఓపిక పట్టగలిగినవాళ్లకు ఒక మనిషి చేతులను పది నిమిషాలు చూసే ఓపిక లేదంటే నేను నమ్మను. ఓపిక లేకపోవడం కాదు, ఆ చేతులకు అంత విలువ లేదనుకోవడం. ఆ మేనేజరుది కూడా అదే జబ్బు.

ప్రణీత్ చివర్లో మళ్లీ నగరి మాట ఎత్తాడు. లేచి నిలబడ్డాను. "నేను ఆ హాల్లో ఉన్నాను," అన్నాను. "ఆ రోజు రెండు రీళ్లు తారుమారు చేసి వేశారు. ఏమీ అర్థం కాకుండా చేసింది వాళ్లు. చేసేసి, మీకు అర్థం కాదని మమ్మల్నే తిట్టారు. మీరు ఇవాళ ఆ తిట్టునే మళ్లీ తిట్టారు."

ప్రణీత్ మెల్లగా అన్నాడు. "రీళ్లు మారితే ఒక్కరన్నా కనిపెట్టుండాల కదా మేడం?"

"ఒకరు కనిపెట్టారు. మా అమ్మ."

"ఆమె ఏం చేసేవారు?"

"పడుగు అతికేది."

అతను నవ్వలేదు. అది అతనికి నేను ఇచ్చే మార్కు. "నాకు తెలియదు మేడం. ఎక్కడో చదివినాను, చెప్పేసినాను," అన్నాడు. "నువ్వు చదివినచోట మా అమ్మ ఉండదు నాయనా," అని కూర్చున్నాను. హరిణి చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ కొట్టారు. ఆ చప్పట్లు నాకు ముళ్లలాగా గుచ్చుకున్నాయి. ఎందుకంటే నేను సగమే చెప్పాను. వాళ్లు మమ్మల్ని తిట్టారని చెప్పాను, అమ్మ కనిపెట్టిందని చెప్పాను. నేను ఏమన్నానో చెప్పలేదు.

తిరుచానూరు రోడ్డు పక్కన సందులో మా ఇల్లు. అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని దూది వత్తులు చేస్తోంది. కళ్లు పోయి మూడేళ్లైంది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. వేళ్లకు మాత్రం అన్నీ తెలుసు. వీధిలోవాళ్లు అమ్మవారి గుడికి వెళ్తూ మా అమ్మ చేసిన వత్తులే అడిగి తీసుకెళ్తారు. చెప్పులు విప్పకుండానే ఆమె పక్కన కింద కూర్చున్నాను.

"అమ్మా, ఆ పొద్దు నువ్వు చెప్పిందే నిజం. రీళ్లు తారుమారైనాయి. ఇప్పుడే చూసొచ్చినాను."

"ఏ పొద్దు?"

"అమావాస్య పొద్దు. ఆ గుడ్డ కుట్టే సినిమా."

"ఓ, అదా." వత్తిని ఒత్తి పక్కన పెట్టింది. "అది నాకు తెలుసు గదా పాపా."

నలభై ఏళ్లుగా ఆమెకు ఏ రుజువూ అక్కర్లేకపోయింది. రుజువు కావలసింది నాకు. "మరి మేమంతా అన్నిసార్లు నవ్వినామే, ఎందుకు గమ్మునున్నావు?" అని అడిగాను.

"నవ్వేది నా బిడ్డలే గదా. నేను సెప్తే నవ్వడం మానుకుందురు, అంతే. నమ్ముదురా?" ఇంకో దూది పింజ తీసుకుంది. "నాకు తెలియంది ఒకటుండాది. ఆ పొద్దు ఆయప్పకి నువ్వు ఇంగ్లీషులో ఏందో సెప్పినావే. ఏం సెప్పినావు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ మేనేజరు ఏనాడో పోయాడు. సాక్ష్యం ఎవరూ లేరు. 'మా అమ్మ చెప్పేది వినండి సార్ అన్నానమ్మా' అంటే సరిపోయేది, ఆ మాట నాలుక కొసదాకా వచ్చింది కూడా. నలభై ఏళ్లు ఆ ప్రశ్నను మడిచి లోపల పెట్టుకున్న మనిషి ముందు అది బయటికి రాలేదు.

"మన్నించండి, ఆమెకు ఏమీ తెలియదు అన్నానమ్మా."

ఆమె వేళ్లు ఆగాయి. పక్కింటి కుక్కర్ రెండుసార్లు కూత వేసింది. తర్వాత వేళ్లు మళ్లీ కదిలాయి, దూది పొడుగ్గా సాగింది, మెలిక పడింది.

"అట్లనే అనుకున్న్యా," అంది. "నీ మొగం సూసి అట్లనే అనుకున్న్యా."

నేను ఆమె మోకాలి మీద తల పెట్టాను. ఆమె తోయలేదు, నిమరలేదు కూడా. "సరే, లెయ్యి," అంది. "ఇంగ ఆ గుడ్డ సంగతి సెప్పు. కడాకు ఏమైంది?"

కళ్లు తుడుచుకుని తొందరగా మొదలుపెట్టాను. "చివరికి ఏమైందంటేనమ్మా, ఆ తెరచాప..."

"ఆగు ఆగు," అని చెయ్యి అడ్డం పెట్టింది. "అట్ల బిన్నా బిన్నా సెప్పేసి లేసిపోయేదానికా? నేను ఇన్నేండ్లు ఉండలేదా? మొదట్నించి సెప్పు. ఏ పోగు ముందో అది ముందు."

లేచి చెప్పులు విప్పి వచ్చాను. ఫోను లోపల పెట్టేసి, కుర్చీ ఆమె పక్కకు లాక్కుని, ఓడ ఇంకా చిన్న చుక్కలాగా కనపడే మొదటి బొమ్మ దగ్గరనుంచి మొదలుపెట్టాను. అమ్మ వత్తుల పళ్లెం పక్కన పెట్టి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగింది.